పదో బావి

మా అవ్వ గంగులమ్మ నీళ్ళు అమ్మేది. బిందెలతో కాదు, ఇంజనుతో.

నేను ఐదో తరగతి ముగించిన ఏడు ఆమె ఒక జత ఎద్దులనూ, చెవులకున్న కమ్మలనూ అమ్మి హిందూపురంలో ఐదు గుర్రాల ఆయిలింజను కొన్నది. పిండిమిల్లు వాళ్ళు వాడి వదిలేసిన పాత ఇంజను. దాన్ని బండిమీద బిగించి, పెనుకొండ మీదుగా మా నాయన తోలుకొచ్చిన రోజు ఊళ్ళో సగం మంది చూడ్డానికి వచ్చారు, మిగతా సగం మంది నవ్వడానికి వచ్చారు.

అంతవరకూ మా ఊళ్ళో బావినీళ్ళు పైకి రావాలంటే కపిల ఒక్కటే దారి. రెండెద్దులు తోలుబానను మోకుతో లాగుతూ వాలులో దిగాలి, మళ్ళీ వెనక్కి ఎక్కాలి. కోడి కూసిన దగ్గరనుంచి ఎండ ముదిరేదాకా తోలితే మూడు మడులు తడిసేవి. ఇంజను ఆ పని ఒక పూటలో చేసి, ఇంకో బావికి బండెక్కి పోయేది. మొదటి వేసవికే నవ్వినవాళ్ళు మా గడపలో వంతు కోసం కూర్చున్నారు.

వేరే ఊళ్ళలో ఇంజన్లు పెట్టినవాళ్ళు గంటకింత అని తీసుకునేవాళ్ళు. అవ్వ మడికింత అని తీసుకునేది. మడి చివరి గెనిమ గట్టు దగ్గర బెత్తెడు నీళ్ళు నిలిస్తేనే ఆ మడి తడిసినట్టు. ఇసక నేల ఎక్కువ తాగితే ఆ నష్టం మాదే. నాయన ఆంజనప్ప ఈ సంగతి మీద అప్పుడప్పుడు గొణిగేవాడు.

"గంటకని పెట్టుమా. వంక పక్క నేలల్లో మునిగిపోతాండాం."

"నీళ్ళు కొనేవాడు నీళ్ళు కొంటాడు గానీ గంటలు కొంటాడారా?" అనేది అవ్వ.

ఆమెకు చదువు లేదు. అయినా ఇంట్లో కూర్చుని, అరమైలు దూరంలో ఇంజను చేస్తున్న చప్పుడు విని, "బెల్టు జారుతాండాది, పోయి మీ నాయనకు చెప్పు" అని నన్ను పంపేది. పోయి చూస్తే బెల్టు జారుతూనే ఉండేది.

నాకు పదహారేళ్ళు వచ్చేసరికి తుంగభద్ర కరెంటు పక్క ఊరిదాకా వచ్చింది. మా ఊరికి తీగ లాగాలంటే కరెంటాఫీసు వాళ్ళు ఒక షరతు పెట్టారు. పది బావులకు మోటార్లు పెట్టుకుంటామని పదిమంది దరఖాస్తు ఇవ్వాలి. తొమ్మిది ఇస్తే లేదు. మా ఊళ్ళో బావులు పద్నాలుగు. వాటిలో మూడు ఎండిపోయినవి, ఒకటి అన్నదమ్ముల వ్యాజ్యంలో ఉంది. మిగిలినవి సరిగ్గా పది. పదోది మాది.

దరఖాస్తులు పోగుచేసే పని చౌడప్ప నెత్తిన వేసుకున్నాడు. మాకు దూరపు చుట్టం, అవ్వను అత్తా అని పిలిచేవాడు. తొమ్మిది కాగితాలు చంకలో పెట్టుకుని, పదోది చేత్తో పట్టుకుని వచ్చాడు. అవ్వ చేట ముందు పెట్టుకుని వేరుశనక్కాయలు వొలుస్తోంది. చౌడప్పకు సంతకం పెట్టడం వచ్చు, చదవడం రాదు. అందుకని కాగితం నా చేతికి ఇచ్చాడు.

"చదువు పాపా, మీ అవ్వ వింటాది. మిగతా తొమ్మండుగురు వినకనే పెట్టినారు."

నేను చదివాను. బావి సర్వే నంబరు, లోతు, ఎన్ని గుర్రాల మోటారు అనేవి అయిన తర్వాత ఇలా ఉంది: 'మోటారు ఖరీదులో నాలుగవ వంతు ప్రభుత్వముచే సహాయ ధనముగా మంజూరు చేయబడును. వ్యవసాయమునకు విద్యుత్తు తగ్గింపు ధరకు సరఫరా చేయబడును.'

"సహాయ ధనమంటే ఏమి?" అని అవ్వ అడిగింది.

నేను ఆలోచించాను. మా బడిలో ఆ మాట ఎవరూ చెప్పలేదు. తిరిగి ఇవ్వనక్కరలేనిది అని మాత్రం కింది పంక్తిలో ఉంది. తిరిగి ఇవ్వనక్కరలేనిదాన్ని మా ఊళ్ళో ఏమంటారో నాకు తెలిసిన మాట ఒక్కటే.

"ధర్మంగా ఇచ్చేదవ్వా," అన్నాను.

అవ్వ చేతిలో కాయ చిట్లింది గానీ పప్పు చేటలో పడలేదు. గుప్పిట్లోనే ఉండిపోయింది.

"అయితే నాకొద్దు," అంది.

చౌడప్ప నవ్వాడు. అవ్వ నవ్వకపోయేసరికి ఆపేశాడు. "యాడన్నా ఉండాదా అత్తా? వచ్చేదాన్ని వద్దనేవాళ్ళుంటారా?"

"ఉండారు గదా, నీ ఎదురుగా."

"నీ ఒక్కదానితో తొమ్మిదిమంది ఆగిపోతారే."

"పూర్తి ఖరీదుకు ఇస్తారేమో అడుగు. పెడతా."

చౌడప్ప రెండు మూడు రోజుల్లో పెనుకొండ పోయి అడిగి వచ్చాడు. సహాయ ధనం వద్దనేవాళ్ళకు వేరే దరఖాస్తు లేదట. ఉన్నది ఒకటే నమూనా. వద్దనేవాళ్ళు ఉంటారని ఆఫీసులో ఎవరూ అనుకోలేదు.

అవ్వ ఎందుకు వద్దన్నదో ఇంట్లో వాళ్ళకు తెలుసు. కరువు ఏడు మా ఊళ్ళో గంజి కేంద్రం పెట్టినప్పుడు నేను నాలుగైదేళ్ళ పిల్లను. తాత అప్పటికే పోయాడు. ఊరు ఊరంతా సత్తుగిన్నెలు పట్టుకుని వరుసలో నిలబడింది. అవ్వ నిలబడలేదు, మమ్మల్నీ పంపలేదు. పెనుకొండ దారిలో కంకర కొట్టే పనికి పోయి, సాయంత్రానికి జొన్నలు తెచ్చి, మూకుట్లో వేయించి పెట్టేది. ఆమె ఎడమచేతి చిటికెనవేలు వంకర ఆ సుత్తి దెబ్బదే. కానీ ఆ సంగతి ఆమె బయట ఏనాడూ అనలేదు. అంటే ఆ వరుసలో నిలబడినవాళ్ళకు తగులుతుంది. చౌడప్ప అమ్మ కూడా ఆ వరుసలో నిలబడింది. ఇప్పుడూ అంతే. వద్దన్నది గానీ కారణం చెప్పలేదు.

చెప్పకపోయేసరికి ఊరు తనకు తోచిన కారణం చెప్పుకుంది. కరెంటొస్తే ఇంజను మూలపడుతుంది, అందుకని గంగులమ్మ ఊరి నోట్లో మన్ను కొడుతోంది అని. రేవు దగ్గర గుడ్డలు ఉతుకుతూ మా వీధి పుట్టమ్మ నాకు వినపడేటట్టే అంది: "పొగ వాసన లేకుంటే మీ అవ్వకు నిద్ర పట్టదంట గదమ్మే. ఊరందరికీ దీపాలొస్తే మీ ఇంట్లో మాత్రం ఇంజను ఎలిగించుకుంటారేమో." పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను చీర పిండుకుని వచ్చేశాను.

చౌడప్ప పంతానికి మా ఇంజనును పిలవడం మానేసి, అటకమీద ఉన్న కపిల దించి బిగించాడు. అతని ఎద్దులు ఐదేళ్ళుగా కపిల తొక్కలేదు. నాలుగో రోజున ఒక ఎద్దు వాలులో జారి గిట్ట చీల్చుకుంది. రాగినారు వాడిపోతోంది. ఐదో రోజు పొద్దున్నే వచ్చి మా ఇంటి ముందు నిలబడ్డాడు, లోపలికి రాలేదు. అవ్వ నాయనతో బండి కట్టమంది.

"ఇప్పుడు రెండింతలు అడుగుమా," అన్నాడు నాయన మెల్లిగా.

"ఎందుకు, వాని మడి రెండింతలయిందా?"

ఎప్పటి రేటుకే తడిపి వచ్చారు. చౌడప్ప దుడ్లు ఇచ్చేటప్పుడు నాయన మొహం చూడలేదట.

ఇదంతా చూస్తుంటే నాకు ఒక్క సంగతి లోపల గుచ్చుకుంటూ ఉండేది. కాగితంలో ధర్మం అనే మాట లేదు. ఆ మాట నాది. ఆ మాట పట్టుకునే అవ్వ నిలబడింది. తొమ్మిది బావులు ఆగిపోయాయి. అయితే ఆ మాట తప్పా, ఒప్పా? అది తేలక నేను ఎవరితోనూ అనలేకపోయాను.

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా కరెంటు సూపర్వైజరు గంగాధరప్ప సైకిలు మీద వచ్చాడు. హిందూపురం మనిషి. మాటలో సగం కన్నడం. నెలాఖరులోపల పది పూర్తి కాకపోతే మా ఊరికి రాసిన స్తంభాలు వేరే ఊరికి పోతాయని చెప్పడానికి వచ్చాడు. వెనకాలే చౌడప్ప, ఇంకో నలుగురు వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

అవ్వ సూపర్వైజరును అరుగుమీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించింది. అతను సగం తాగి, మీసం తుడుచుకున్నాడు.

"ఏమవ్వా, ఊరంతా ఒకటి, నువ్వొకటి అంట?"

"తాగప్పా ముందు."

"ఇంజనుకు గిరాకీ పోతాదని భయమా?"

"పోతాది. అది నాకు తెలుసు," అంది అవ్వ. "నాకంటే చౌకగా అమ్మేవాడొస్తే నా గిరాకీ పోవల్ల గదా. కపిల తోలేవాళ్ళ గిరాకీ నేను పోగొట్టలేదా? దానికి ఏడ్చేదాన్ని కాదు. ఒక మాట చెప్పు. మీ కరెంటు నా నూనెకంటే చౌకనా?"

"సగానికి సగమవ్వా."

"చౌకగా ఉండాదా, చౌక చేసినారా?"

సూపర్వైజరు గ్లాసు కింద పెట్టాడు. అప్పటిదాకా వాకిట్లోవాళ్ళకు వినపడేటట్టు మాట్లాడుతున్నవాడు, ఇప్పుడు అవ్వతో మాత్రమే మాట్లాడాడు.

"చౌక చేసినారు. డ్యాం కట్టినదానికి, ఈడిదాకా స్తంభాలకు, తీగలకు, మా జీతాలకు అయ్యేదంతా మీ తావ వసూలు చేస్తే మీ ఊళ్ళో ఒక్కరూ మోటారు పెట్టరు. అందుకని కొంత సర్కారు భరిస్తాది. ముందు పదిమంది వాడితే, వెనక వందమంది వాడితే, రేటు దానంతటదే దిగుతాదని పైవాళ్ళ లెక్క."

"నేను ఇంజను తెచ్చినప్పుడు ఎవురూ భరించలేదప్పా."

"లేదు. అది నిజమే."

"ఇప్పుడు భరించేది యాడనుంచి తెస్తారు?"

"పన్నుల్లోనుంచి."

"నేనేమి కడతాండా? శిస్తు కడతాండా. అంతేనా?"

"శిస్తు చిన్నది. ఇంజనులో పోస్తావే నూనె, దాంట్లో పెద్ద వంతు పన్నేనవ్వా. డబ్బా కొన్నప్పుడల్లా కట్టేసినట్టే."

 నాయన తల గోక్కున్నాడు. "అంటే ఐదేండ్లుగా మేము కరెంటుకు దుడ్లు కడతాండామా సార్? కరెంటు లేకనే?"

"అట్లనే అనుకోండప్పా," అని సూపర్వైజరు నవ్వాడు.

"నా ఇంజను గొంతు కోసే కత్తికి నేనే సాన పట్టించినానన్నమాట," అంది అవ్వ. ఆమె గొంతులో కోపం లేదు. బేరంలో ఎదుటివాడి ఎత్తు పసిగట్టినప్పుడు ఎలా అంటుందో అలాగే అంది.

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. పరాయి మగవాళ్ళ ఎదుట మాట్లాడే అలవాటు నాకు లేదు. అయినా అప్పుడు మాట్లాడకపోతే ఇంకెప్పుడూ మాట్లాడలేననిపించింది.

"అవ్వా, ఆ పొద్దు నేను నీకు తప్పు చెప్పినా. అది ధర్మం కాదు."

అందరూ నావైపు తిరిగారు. సూపర్వైజరు, "ధర్మమని చదివినావా పాపా?" అన్నాడు.

"చదవలేదు సార్. అర్థం చెప్పినా."

అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మా ఆఫీసులో కూడా చానామంది అట్లనే అనుకుంటారు. తామేదో ధర్మం చేస్తాండామని," అన్నాడు.

అవ్వ నన్నే చూస్తోంది. "ధర్మం కాకుంటే మరేమి?"

ఈసారి బడిలో నేర్చుకున్న మాటలను వెతకలేదు. సంతలో వినే మాట వెతికాను. "బాపతు అవ్వా. నువ్వు నూనెమీద కట్టినావు గదా, దాని బాపతు."

"బాపతు," అంది అవ్వ. ఇంకోసారి అంది. తర్వాత చౌడప్ప చంకలోని కాగితాలవైపు చెయ్యి చాపింది. "అట్లయితే అది రాయి. కాగితంలోనే రాయి."

"అట్ల రాసేకి దాంట్లో గడి లేదవ్వా," అన్నాడు సూపర్వైజరు.

"లేకుంటే గీత గీసుకోమను. శ్యామలా, రాయి."

నేను అరుగుమీద కాగితం పరిచి, కింద మిగిలిన జాగాలో ఆమె చెప్పింది చెప్పినట్టు, కాగితపు భాషలోకి మార్చి రాశాను: 'నేను ఐదేండ్లుగా ఇంజనునకు నూనె కొనుచు పన్ను చెల్లించియున్నాను. ఈ సహాయ ధనమును ఆ బాపతు క్రింద తీసుకొనుచున్నాను.' చదివి వినిపించాను.

"ఊరికే కాదు అని కూడా రాయి."

"ఆ అర్థం వచ్చేసిందవ్వా."

"వచ్చినా రాయి."

'ఊరికే కాదు' అని రాశాను. ఆ రెండు మాటలు ఆ పెద్దపెద్ద మాటల పక్కన చెప్పుల్లేకుండా నిలబడినట్టున్నాయి.

వేలిముద్ర పడడానికి ఇంకో తంటా వచ్చింది. అవ్వ బొటనవేలి గీతల్లో ఇంజను నూనె ఇంకిపోయి ఉంది. సిరా అంటలేదు. బూడిద, కుంకుడుకాయ పెట్టి రెండుసార్లు రుద్ది కడిగాక మూడోసారికి పడింది. చౌడప్ప ఆ కాగితాన్ని తొమ్మిదింటి మీద పెట్టి, పదీ ఒక గుడ్డలో చుట్టి సూపర్వైజరుకు ఇచ్చాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"అత్తా, నేనేమేమో అన్నానే ఊళ్ళో."

"విన్నా. నారుకు రేపు మళ్ళీ తడి కావల్ల. చెప్పి పంపు."

ఆ తర్వాత ఇరవై రోజులు కబురు లేదు. చేతిరాత ఉన్న దరఖాస్తు చెల్లదని ఒకరు, దానివల్ల అన్నీ తిరిగి వస్తాయని ఒకరు. నేను రాసింది నేనే నిద్రలో కూడా చదువుకుంటూ ఉండేదాన్ని. చివరికి మంజూరు కాగితాలు వచ్చాయి. పదిలో తొమ్మిదింటి మీద ముద్ర ఒక్కటే ఉంది. మాదానిమీద ముద్రతోపాటు, నేను రాసిన పంక్తుల కింద ఎవరో ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. పక్కన ఏమీ రాయలేదు. కొట్టివేయలేదు కూడా. ఆ గీతను అవ్వ చూపించమంది. వేలితో మొదటినుంచి చివరిదాకా తడిమింది.

"చదివినారు," అంది.

వానలు వెనకబట్టాక స్తంభాలు రావడం మొదలయింది. పక్క ఊరినుంచి కరెంటు కూలీలు ఒక్కొక్కటే పాతుకుంటూ వంకదాకా వచ్చి ఆగిపోయారు. వంక దాటించడానికి మూడు స్తంభాలు వంక ఇసకలోనే నిలబెట్టాలి. గుంత తవ్వితే మోకాలి లోతుకే ఊట వచ్చేది. పదిమంది బక్కెట్లతో తోడుతుంటే అంతకంటే వేగంగా నిండేది, అంచులు కూలేవి. మూడు రోజులు చూసి, నాలుగోరోజు గంగాధరప్ప మా ఇంటికి వచ్చాడు. ఈసారి సైకిలు దూరంగానే దిగి నడిపించుకుంటూ వచ్చాడు.

"అవ్వా, ఇంజను కావల్ల."

అవ్వ నవ్వింది. ఆమె నవ్వడం నేను అరుదుగా చూశాను. "ఎవురికప్పా?"

"కరెంటాఫీసుకు. ఊట తోడల్ల. ఒక దినం పని."

ఒక దినంలో ఎన్ని మడులు తడుస్తాయో లెక్కగట్టి ఆమె రేటు చెప్పింది. అతను మెడ వెనక రుద్దుకున్నాడు. "సర్కారు పని కదవ్వా. ఏమన్నా తగ్గించు."

"సర్కారు నాకు నూనెలో తగ్గించిందా?"

"లేదు."

"మరి ఊరోళ్ళకు ఏమి రేటో అదే. సర్కారని ఎక్కువా లేదు, తక్కువా లేదు."

పొద్దున్నే బండి వంకలోకి దించారు. అవ్వా, నేనూ వెంట పోయాం. గట్టుమీద అప్పటికే ఊరంతా ఉంది. పుట్టమ్మ కూడా బిడ్డను చంకనేసుకుని వచ్చింది. నాయన హ్యాండిలు వేసి తిప్పాడు. రెండుసార్లు దగ్గి, మూడోసారి ఇంజను అందుకుంది. చౌడప్ప ఎవరూ పిలవకుండానే వచ్చి పైపు కొన పట్టుకున్నాడు. నీళ్ళు పైపులోంచి అడ్డంగా ఎగిరి వంక దిగువన పడ్డాయి. చూస్తుండగానే గుంతలో నీళ్ళు తగ్గి, తడి ఇసక కనపడి, తర్వాత గట్టినేల తేలింది. కూలీలు దిగి తవ్వారు. స్తంభం దించి, రాళ్ళు కూరి, సిమెంటు పోసేదాకా ఇంజను ఆగకూడదు. ఒక క్షణం ఆగినా గుంత నిండిపోతుంది.

మధ్యాహ్నం రెండో గుంతలో ఉండగా అవ్వ ఉన్నట్టుండి చెవి అటు తిప్పి, "ఆంజనప్పా, చల్లనీళ్ళు అందడంలేదు," అంది. నాయన ఇంజనును చల్లబరిచే నీళ్ళ డ్రమ్ము చూశాడు. గొట్టంలో నాచు అడ్డుపడింది. ఇంజను నడుస్తుండగానే పుల్లపెట్టి తీశాడు. సూపర్వైజరు అవ్వవైపు ఒకసారి, ఇంజనువైపు ఒకసారి చూశాడు.

చౌడప్ప మాత్రం నోరు ఊరుకోలేక, "అత్తా, ఇంజను కష్టపడి దాని సవతికే ఇల్లు కడతాండాది సూడు," అన్నాడు.

"నోరు మూసుకోని పైపు సరిగ్గా పట్టుకోప్పా. నీళ్ళు నామీద పడతాండాయి."

గట్టుమీద నవ్వులు లేచాయి. ఈసారి నాకు కూడా నవ్వొచ్చింది.

పొద్దు వాలేసరికి మూడు స్తంభాలూ నిలబడ్డాయి. ఇంజను ఆపగానే వంక ఒక్కసారిగా నిశ్శబ్దమయింది. గుంతలు మళ్ళీ ఊరాయి గానీ, ఇక ఊరినా ఫరవాలేదు. సూపర్వైజరు రూళ్ళకాగితం మీద రసీదు రాసి నా చేతికే ఇచ్చాడు. పని పేరు దగ్గర, 'గంగులమ్మగారి ఇంజను' అని రాశాడు. అంతవరకూ మా అవ్వ పేరు పక్కన గారు అని రాసిన కాగితం నేను చూడలేదు.

"ఇంక దీన్ని ఏం చేస్తావవ్వా?" అని ఇంజనును చూపించాడు. "అమ్ముతానంటే హిందూపురంలో అడిగి చూస్తా."

"ఈ తీగ యాడదాకా పోతాదప్పా?"

"ఇప్పటికి మీ ఊరే కొస. ధర్మవరం తట్టు లోపలి ఊళ్ళకు ఇంకా నాలుగైదేండ్లు పడతాది."

"ఆడ బావులుండాయి గదా."

"లేకేమి, ఉండాయి. కపిలలు తోలుకుంటాండారు."

అవ్వ చీర కొంగుతో చేతులు తుడుచుకుని, బండి నొగ మీద చెయ్యేసింది. "మీరు వచ్చేలోపల ఆ ఊళ్ళకు ఇంజను తడి ఎట్లుంటాదో చూపించి పెడతా. మళ్ళా మీకు పది సంతకాలకు ఇన్ని తిప్పలుండవు."

నాయన ఎద్దులను కట్టాడు. చౌడప్ప, కూలీలు వెనకనుంచి తోశారు. బండి ఇసకలోంచి గట్టెక్కింది.

ఎనిమిది రోజులకు బండి ధర్మవరం దారి పట్టింది. కొత్త ఊళ్ళో రేట్లు, మడులు, పేర్లు రాయడానికి ఒక మనిషి కావాలని అవ్వ నన్ను కూడా ఎక్కించుకుంది.